కంకేళి కథ: అశోకవృక్షము మన తోటలలో, వీథులలో

లలితా సహస్రనామ పారాయణము చేయువారు ప్రతిదినమును అమ్మవారి కేశపాశమును స్మరింతురు. ఆ కేశములయందు సంపెంగ, అశోకము, పున్నాగము, సౌగంధికము అను నాలుగు పుష్పజాతులు ప్రకాశించుచున్నవని ఒక నామము చెప్పుచున్నది. సంపెంగను మనమందరము ఎరుగుదుము. పున్నాగమనగా పొన్న, పాత దేవాలయముల ప్రాంగణములలో నేటికిని కనబడును. సౌగంధికము చెంగలువ. మరి అశోకపుష్పమేది? ఈ ప్రశ్న వేసినచో మనలో అనేకులు ప్రహరీగోడ వెంబడి స్తంభములవలె నిటారుగా నిలిచి, కొమ్మలను క్రిందికి వ్రేలవైచిన చెట్లవరుసను చూపుదురు. ఆ చెట్టు పూవు లేతాకుపచ్చనిది, చిన్నది, ఆకులలోనే కలిసిపోవునది. దానిని కొప్పున ముడుచుకొన్న స్త్రీని ఎవరును చూచి యుండరు. అమ్మవారి కేశములయందు ప్రకాశించునది ఆ పూవు కాదు. ఆ చెట్టు అశోకము కానే కాదు.

వీథులలో అశోకనామముతో పెరుగుచున్న ఆ వృక్షమునకు తెలుగున నరమామిడి అని పేరు. అది సీతాఫలపు కుటుంబమునకు చెందినది. వృక్షశాస్త్రజ్ఞులు దానిని చాలకాలము పాలీయాల్తియా లాంగిఫోలియా అని పిలిచిరి. ఇప్పుడు మోనూన్ లాంగిఫోలియం అనుచున్నారు. అదియును మన దక్షిణదేశమునకు స్వదేశీయమైనదే కనుక దానిపై మనకు ద్వేషము ఉండనవసరము లేదు. కాని శాస్త్రములు, కావ్యములు, స్తోత్రములు అశోకమని కీర్తించినది సరాకా అశోకా అను వేరొక వృక్షమును. అది చింతకు దగ్గరి చుట్టము. ఇరువది ముప్పది అడుగులకు మించి సాధారణముగా పెరుగని చిన్న చెట్టు. ఆకు రాలి బోసిపోవుట ఎరుగనిది. దాని లేతచిగుళ్లు రాగివర్ణముతో, తడిపి ఆరవేసిన పట్టువస్త్రమువలె మెత్తగా క్రిందికి వ్రేలాడును. తామ్రపల్లవము అను పర్యాయనామము అందుచేతనే కలిగినది. పూవునకు రేకులే లేవు. మనము రేకులని భ్రమించునవి నాలుగు రక్షకపత్రములు. వాని నడుమనుండి పొడవైన కేసరములు వెలికి వచ్చి గుత్తికంతకును ఒక మెత్తని అంచు కట్టినట్లుండును. విచ్చునప్పుడు పసుపు కలిసిన నారింజవన్నె, ముదిరినకొలది ఎరుపు. అందుచేత ఒకే గుత్తిలో బంగారమును కుంకుమమును ప్రక్కప్రక్కనే ఉండును. స్వర్ణాశోకమనియు రక్తాశోకమనియు కవులు రెండు విధములుగా వర్ణించిన దానికి ఈ వర్ణపరిణామము కొంత కారణమై యుండునని నాకు తోచును.

కవులు వర్ణించినది ఈ చెట్టునే అని ఎట్లు నమ్మవలెనని జిజ్ఞాసువులు అడుగవచ్చును. కాళిదాసు కుమారసంభవ తృతీయసర్గయందు దీనికి సమాధానము కలదు. శివుని తపోవనమున మన్మథునికొరకు వసంతము అకాలమున ప్రవేశించినప్పుడు, అశోకము స్త్రీపాదస్పర్శకు ఎదురుచూడకయే తన బోదెనుండియే చిగుళ్లతో కూడ పూవులను కనెనని మహాకవి చెప్పెను. సాధారణముగా చెట్లు కొమ్మల కొనలయందు పూచును. ముదురుకొమ్మలను, మ్రానిని అంటుకొని గుత్తులు గుత్తులుగా పూయుట సరాకా అశోకా లక్షణము. నరమామిడి బోదెను ఎవరైనను చూడవచ్చును. కాళిదాసు చెప్పిన శోభ అక్కడ కనబడదు. కవిసమయమని మనము తేలికగా దాటిపోవు వర్ణనలో ఎంత నిశితమైన పరిశీలన ఉన్నదో ఒక్క చెట్టు చూచినచో తెలియును.

స్త్రీపాదస్పర్శ అనునది దోహదవిశ్వాసము. నూపురములు ధరించిన సుందరి ఎడమపాదముతో తాకినచో అశోకము పూచునని ప్రసిద్ధి. మాళవికాగ్నిమిత్రములో కథ అంతయు ఈ విశ్వాసముమీదనే నడచును. విదూషకుని అజాగ్రత్తచే ధారిణీదేవి ఉయ్యాలనుండి పడి పాదము నొప్పిగొని, తనకు మారుగా మాళవికను ప్రమదవనమునకు పంపెను. అయిదు రాత్రులలో చెట్టు పూచినచో ఆమె కోరిక తీర్చెదనని మాట ఇచ్చెను. చెట్టు పూచెను, మాట నిలిచెను. మేఘసందేశములోని యక్షుడు సైతము అలకాపురిలోని తన యింటి గుర్తులు చెప్పుచు మాధవీలతామండపము చెంతనున్న రక్తాశోకమును స్మరించెను. ఇవన్నియు శృంగారకావ్యములని విరాగులు తలపంకింతురేమో. వారు సౌందర్యలహరిలోని ఎనుబదియైదవ శ్లోకమును ఒకమారు మననము చేయవలెను. అమ్మవారి పాదతాడనమును కోరి ఉద్యానములో నిలిచియున్న కంకేళివృక్షమును చూచి పశుపతి అసూయ చెందుచున్నాడట! కంకేళి అనగా అశోకమే. లౌకికమైన దోహదవిశ్వాసము ఆ శ్లోకమున భక్తిగా మారిపోయినది. దేవి పాదము తలమీద సోకుటకై ఎదురుచూచు జీవునకు ఆ చెట్టు ప్రతీక. ఈశ్వరునకును అసూయ కలిగింపగల భాగ్యము దానిది. ఆ శ్లోకము చదువునప్పుడు మనసులో నరమామిడి నిలుచుండినచో అర్థము సగము జారిపోవును.

ఇక ఉద్యానముల చరిత్ర. రామాయణమున అశోకవనికలు రెండు కలవు. మొదటిది అందరికిని తెలిసినది, లంకలోని రావణుని ప్రమదవనము. ఇచ్చట ఒక విశేషమును పారాయణ చేయువారుకూడ తరచుగా మరచెదరు. వాల్మీకి చెప్పినదానినిబట్టి సీతమ్మ కూర్చున్నది అశోకము క్రింద కాదు, శింశుపావృక్షము క్రింద. మన వ్యాఖ్యాతలు దానిని ఇరుగుడు చెట్టు అనిరి. హనుమ ఆకుల మాటున దాగి ఆమెను చూచినది ఆ చెట్టుమీదనుండియే. తరువాత వనమంతయు ధ్వంసము చేసినప్పుడు ఆయన ఆ ఒక్క చెట్టును కాపాడెనని రాక్షసస్త్రీలే రావణునకు విన్నవించిరి. తులసీదాసు నాటికి ఆ శింశుప అశోకముగా మారినది. రామచరితమానసములో సీతమ్మ అశోకమునే ప్రార్థించును. భక్తులహృదయము పేరునకు తగిన చెట్టును కోరుట సహజమే కదా.

రెండవ అశోకవనిక అయోధ్యలో ఉన్నది. దానిని గూర్చి ఉత్తరకాండ చెప్పును. పట్టాభిషేకానంతరము రాముడు సీతతోకూడి అంతఃపురసమీపమునందలి అశోకవనికలో విహరించెను. ఆమె గర్భవతియని గుర్తించి, కోరికయేమని అడిగినది అప్పుడే. గంగాతీరమునందలి ఋష్యాశ్రమములు చూడవలెనని ఆమె కోరెను. ఆ వెంటనే లోకాపవాదవార్త వచ్చెను. కోరిన గంగాతీరమే ఆమెకు పరిత్యాగస్థలమైనది. శోకము లేనిదని పేరుగల రెండు తోటలలో ఒకటి సీతమ్మకు బంధనాగారము. రెండవది ఆమె చివరి సుఖదినములకు సాక్షి. ఈ రెండింటిని కలిపి చూచినప్పుడు అశోకవనిక అనునది లంకకు ప్రత్యేకమైన పేరు కాదనియు, రాజగృహములను ఆనుకొని అశోకములను ప్రధానముగా నాటి పెంచెడి ఉద్యానమునకు సామాన్యనామమనియు తెలియుచున్నది.

శోకార్తులు ఈ చెట్టుతో మాటలాడుట మన ఇతిహాసములలో ఒక రీతి. సీతను వెదకుచు రాముడు అరణ్యమున అశోకమును చూచి, శోకమును పోగొట్టుదానా, ప్రియను చూపించి నన్నును నీ పేరిటివానిగా చేయుమని వేడుకొనెను. భారతమున దమయంతి నలుని గానక అడవిలో తిరుగుచు అశోకమునే అట్లే ప్రార్థించెను. ఇద్దరికిని చెట్టు బదులు చెప్పలేదు. పైగా పంపాతీరమున ఆ పూగుత్తులే రామునకు వసంతమను అగ్నిలోని నిప్పుకణికలుగా కనబడెను. వస్తువునకు శోకమును తీర్చుశక్తి గాని పెంచుశక్తి గాని లేదు. చూచు మనస్సును బట్టి అది అశోకమో అంగారమో అగుచున్నది. ఇది వేదాంతులకు క్రొత్త మాట కాదు గాని, వాల్మీకి దీనిని ఒక పూలగుత్తితో చూపెను.

రాజోద్యానములు సరే, సామాన్యగృహస్థుని మాటయేమి? ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున దీనికి స్పష్టమైన విధి చెప్పెను. తోటలలోగాని ఇండ్లలోగాని మొట్టమొదట నాటవలసిన మంగళవృక్షములు వేప, అశోకము, పున్నాగము, శిరీషము, ప్రియంగువు అని ఆయన నిర్ణయము. శిరీషమనగా మన దిరిసెన. ఇండ్లలో అన్న మాట గమనింపదగినది. అనగా అశోకము రాజుల సొత్తు మాత్రమే కాలేదు. చెట్టునకు చెట్టునకు నడుమ ఇరువది హస్తముల ఎడము ఉత్తమము, పదునారు మధ్యమము, పండ్రెండు అధమమనియు ఆయనయే చెప్పెను. హస్తము సుమారు అడుగున్నర కనుక ఉత్తమపక్షమున ముప్పది అడుగులు, అధమపక్షమున పదునెనిమిది. నేడు ప్రహరీ వెంబడి మూడు నాలుగు అడుగులకొకటిగా చెట్లు క్రుక్కుచున్న మనము ఆ లెక్కను చూచి కొంచెము సిగ్గుపడవలెను. ఇంకొక అధ్యాయమున పూవుల సమృద్ధినిబట్టి పంటలను ఊహించు విధానము చెప్పుచు, రక్తాశోకము బాగుగా పూచినచో ఎర్రవరి బాగుగా పండునని వ్రాసెను. రైతు అశోకమును చూచి తన పొలమును గూర్చి ఆలోచించిన కాలమొకటి ఉండెనన్నమాట.

రహదారుల సంగతి వేరు. అశోకనామధారియైన మౌర్యచక్రవర్తి బాటలవెంట చెట్లు నాటించెనని అందరును చెప్పుదురు, అది సత్యమే. బావులు త్రవ్వించి, చెట్లు నాటించిన సంగతి చెప్పు శాసనము మన కర్నూలు ప్రాంతపు ఎర్రగుడి బండలమీదను ఉన్నది. కాని ఆయన స్తంభశాసనము పేర్కొన్నవి మర్రిచెట్లు, మామిడితోపులు. ఎండలో నడచు బాటసారికిని పశువునకును విశాలమైన నీడ కావలెను; అశోకము అందులకు చాలదు. అది పెద్దబాటల చెట్టు కాదు, ఇంటిముంగిటి చెట్టు. ఇరుప్రక్కల ఇండ్లున్న నేటి కాలనీల ఇరుకువీథులు ఒక విధముగా ఆ ముంగిళ్లకు వారసులే.

ఉత్సవములను చూతము. వాత్స్యాయనుడు పేర్కొన్న దేశీయక్రీడలలో అశోకోత్తంసిక ఒకటి. అశోకపుష్పములను కర్ణాభరణములుగా ధరించు వేడుక అది. ఏడవ శతాబ్దిలో శ్రీహర్షుడు రచించిన రత్నావళిలో వాసవదత్త వసంతోత్సవమున మన్మథుని పూజించినది రక్తాశోకవృక్షమూలమునందే. అరవిందము, అశోకము, చూతము, నవమల్లిక, నీలోత్పలము అను పంచబాణములలో దీనికి స్థానమున్నది కదా. ఆ మదనోత్సవములు కాలగర్భమున కలిసినవి. కాని చైత్రశుద్ధాష్టమి అశోకాష్టమిగా నేటికిని నిలిచియున్నది. ఆనాడు ఎనిమిది అశోకకలికలను నీటితో సేవించి శోకరాహిత్యమును ప్రార్థించుట ఆచారము. భువనేశ్వరములో లింగరాజస్వామి రుకుణ రథయాత్ర ఆనాడే జరుగును. త్రిపురలోని ఉనకోటి శైవక్షేత్రమున గొప్ప మేళా జరుగును. వంగదేశపు తల్లులు దానికి రెండు దినములు ముందు షష్ఠినాడు బిడ్డల క్షేమమునకై ఆ మొగ్గలను స్వీకరింతురు. ఒడిశాకు అశోకము రాష్ట్రపుష్పము, ఉత్తరప్రదేశ్‌కు రాష్ట్రవృక్షము. మన తెలుగునాట అష్టమి మరునాటి శ్రీరామనవమి పందిళ్ల పనులలో గడచిపోవుచున్నది. సీతారామకల్యాణమునకు ముందురోజున అశోకమును తలచుటకన్న సముచితమైనది ఏమున్నదో నాకు తెలియదు. అయినను పందిట్లో పెట్టుటకు ఒక్క గుత్తి దొరకుట కష్టము.

ఎందుచేత దొరకదు? ఇచ్చట కథ తోటనుండి మందులకొట్టునకు మళ్లును. చరకుడు వేదనాస్థాపనగణమున, సుశ్రుతుడు లోధ్రాదిగణమున అశోకమును చేర్చిరి. పదునొకండవ శతాబ్దపు చక్రదత్తములో స్త్రీల అధికరక్తస్రావమునకు అశోకపు పట్టతో కాచిన పాలు చెప్పబడినవి. తరువాతి కాలపు భైషజ్యరత్నావళి చెప్పిన అశోకారిష్టము నేడు ప్రతి ఆయుర్వేదపు అంగడిలోను ఉన్నది. ఆ అరిష్టమునకు పట్ట కావలెను. పట్ట అడవిచెట్లనుండి వచ్చును. చుట్టును పట్ట ఒలిచిన చెట్టు బ్రతుకదు. పడమటి కనుమల వాగుల ఒడ్డున, హిమాలయపాదములయందు, ఖాసీ కొండలలో సహజముగా పెరిగిన ఈ వృక్షము క్షీణించి, 1998లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము దానిని ఆపదకు లోనగు జాతుల పట్టికలో చేర్చెను. అసలు పట్ట తగ్గినకొలది అంగడిలోనికి నరమామిడి పట్ట అశోకమను పేరుతో ప్రవేశించెను. పరిశీలకులు చాలకాలముగా గుర్తించిన కల్తీ ఇది. వీథిలో పేరు తారుమారైనప్పుడు అది కేవలము భాషాదోషముగా తోచును. మందులో తారుమారైనప్పుడు నమ్మి త్రాగిన ఇల్లాలికి అది శరీరముమీద జరిగిన అన్యాయము.

శాస్త్రీయనామములోను కొంత గందరగోళము నడచెను. 1767లో లిన్నేయస్ సరాకా అను గణమును స్థాపించెను. మన సామర్లకోటలో ఏండ్లకొలది ఉండి కోస్తా ప్రాంతపు మొక్కలను పరిశీలించిన వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా తోటకు అధిపతియై వెళ్లి, సంస్కృతపండితుడైన విలియం జోన్సు గౌరవార్థము మన చెట్టునకు జోనేసియా అశోకా అని పేరు పెట్టెను. పూచిన అశోకమును మించిన వైభవము వృక్షలోకమున అరుదని జోన్సు వ్రాసియుండెను. తరువాత దీనిని సరాకాలో చేర్చి, జావా ప్రాంతపు వేరొక జాతితో కలిపివేసిరి. 1960ల చివరగాని ఆ రెండును వేరని తేలలేదు. అప్పుడును అశోకా అను సంస్కృతపదమే నిలిచెను.

అది కానిదానియందు అది అను బుద్ధి కలుగుట అధ్యాసమని భగవత్పాదులు నేర్పిరి. ముత్యపుచిప్పను చూచి వెండి యనుకొన్నవానికి చిప్పను తిట్టుటవలన భ్రాంతి తొలగదు. చిప్పను చిప్పగా చూడవలెను. అట్లే నరమామిడిని నరికివేయనక్కరలేదు. దానిని నరమామిడియని పిలుచుట, అశోకమును వేరుగా నాటుట చాలును. గుర్తించుట కష్టము కాదు. నరమామిడి ఆకు ఒంటిది, సన్నగా పొడవుగా, అంచులు అలలుగా నుండును. అశోకపు ఆకు సంయుక్తపత్రము. ఒకే ఈనెకు ఇరువైపుల నాలుగైదు జతల చిరుపత్రములుండును. నరమామిడికి ముదిరినప్పుడు నల్లబడు చిన్న కాయల గుత్తులు. అశోకమునకు చింతకాయ పొడవున, వెడల్పుగా బల్లపరుపైన కాయలు. నర్సరీలో అశోకమని అడిగినచో వారు మొదట చూపునది నరమామిడినే. ఆకు చూడక డబ్బు ఇవ్వరాదు.

ఈ చెట్టు స్వభావమును ఎరిగి నాటవలెను. వాగుల ఒడ్డున, పెద్దచెట్ల నీడన పుట్టినది కనుక లేతవయసున దానికి తీవ్రమైన ఎండ పడదు. తూర్పు ప్రహరీ లోపల గాని, ఉత్తరపు దిక్కున గాని, మధ్యాహ్నానంతరము నీడ పడుచోట నాటినచో సుఖముగా పెరుగును. దేవాలయములలో అభిషేకజలము పారుచోటు, ఇంటిలో బావి లేక చేతులు కడుగు తొట్టి సమీపము మిక్కిలి అనుకూలము. కోస్తా ప్రాంతపు తేమగాలి దానికి నప్పును. రాయలసీమలోను తెలంగాణపు మెట్టనేలలలోను మొదటి మూడు నాలుగు వేసవులు విడువక నీరు పోయవలెను. అది చేయలేనివారు ఆ వీథిలో వేపనో కానుగనో నాటుట మేలు. విద్యుత్తు తీగల క్రింద ఏటేటా కొమ్మలు నరికించుకొని మొండెములై నిలిచెడి పెద్దచెట్లకు బదులుగా, నీరు పోయు ఇల్లాలో ఇంటాయనో ఉన్న చిన్నవీథిలో ఇది చక్కగా ఒదుగును. పట్టను మాత్రము ఎవరు అడిగినను ఒలువనీయరాదు.

మాఘమునుండి చైత్రమువరకు పూవులు, పిదప కాయలు. గింజలు నిలువ ఉండవు. ఎండబెట్టి డబ్బాలో దాచినచో మొలకెత్తు శక్తిని త్వరలోనే కోల్పోవును. కాయ పగిలి రాలిన గింజను తాజాగానే ఏరి, ఇసుక, చివికిన ఆకులఎరువు కలిపిన మట్టిలో నీడపట్టున విత్తవలెను. మొలకను ఒక సంవత్సరమైనను సంచిలోనే పెంచి, మరుసటి తొలకరికి వేరుముద్ద చెదరకుండ నేలకు దింపవలెను. ఇంటిముందు వరుసగా నాటదలచినవారు వరాహమిహిరుడు చెప్పిన పండ్రెండు హస్తములకన్న ఎడము తగ్గింపరాదు. గింజనుండి మొలచినది పూయుటకు కొన్ని ఏండ్లు పట్టును. పూచిన తరువాత అష్టమినాటి ఎనిమిది మొగ్గలకు ఒక్క గుత్తి చాలును, తక్కినవన్నియు అమ్మవారికి.